సీనప్ప కొట్టంలో హ్యాండిలు చప్పుడు

కంబైనల్లూరు నుంచి ధర్మపురి పోయే దావలో, సీనప్ప మామిడితోపు దాటినాక, రోడ్డు కొడవలి మాదిరి వంగుతుంది. ఆ వంపులో ఒక పెంకుల కొట్టం. పొద్దు గూకినాక ఆ వంపు దాటాలంటే — మనుషుల సంగతి అటుంచండి — గాలి కూడా తోపు చుట్టూ తిరిగి పోయేది.

కొట్టంలో ఉండేది పులి కాదు. పాము కాదు. ఒక కారు.

ఎవరో తెల్లదొర ఏర్కాడు కొండ దిగి సీమకు పోతా పోతా సీనప్పకు అమ్మిపోయిన కారు. వెయ్యిన్నీ తొమ్మిదొందల ఇరవై ఆరు నాటిది. ముందర రెండు ఇత్తడి దీపాలు, ఒక్కొక్కదాంట్లో కూర్చోబెట్టి పిల్లకాయలకు తలంటు పోయొచ్చు. అది రోడ్డు మీద పోతే కారిమంగళం సంతలో బేరాలు ఆగిపోయేవి. అట్లాంటి కారు పంతొమ్మిదేళ్ళుగా కదలకుండా ఆ కొట్టంలో నిలబడి ఉండింది.

కదలకుండా... అంటే పగటిపూట.

రాత్రి రెండోజాము దాటినాక లోపలినుంచి చప్పుడొచ్చేది. కర్ర్... కర్ర్... టక్.

కాసేపు ఏమీ లేదు.

కర్ర్... కర్ర్... టక్.

పాతకాలం కార్లకు ముందర ఇనుప హ్యాండిలు దూర్చి తిప్పి ఇంజను లేపుతారే — ఆ చప్పుడు. ఇంజను లేవదు. ఎవరో తిప్పుతారు, అంతే. మూడు సుట్లు. నాలుగోది ఎవరూ వినలేదు.

మాయాండి అని చింతపండు బండి తోలేవాడు ఒక రాత్రి ఆ పక్కగా పోతా ఇది విన్నాడు. ఎద్దులు నిలబడిపోయినాయి. మాయాండి బండి దూకి, వెనక్కి చూడకుండా పరుగెత్తి, తెల్లారి కారిమంగళం సంతలో తేలినాడు. చూస్తే ఎద్దులు బండితో సహా అతనికంటే ముందే వచ్చి అక్కడ నెమరేస్తా ఉన్నాయి!

సీనప్ప బతికున్నంత కాలం అది చచ్చిపోయిన ఆయన కూతురు సౌభాగ్యం అన్నారు. సీనప్ప కూడా పోయినాక, కాదు, సీనప్పే అన్నారు. పేయికి, అంటే దయ్యానికి, పేరు మారింది గానీ చప్పుడు మారలేదు.

ఈ కథను మన జిల్లాలో పదిమంది పదిరకాలుగా చెప్తారు. తొమ్మిది వదిలేయండి. జరిగింది ఇది.

డెబ్భై రెండో సంవత్సరం, మామిళ్ళు పూతకొచ్చిన కాలం. సేలం రైల్లో వచ్చి ఒక మనిషి బొమ్మిడి స్టేషన్లో దిగినాడు. భుజాన పనిముట్ల సంచి. ఆ సంచిని ఇద్దరు కూలీలు ఎత్తలేక దించేస్తే, ఎడమచేత్తో ఎత్తుకొని నడిచినాడు. రంగరాజు.

సేలంలో రంగరాజు పేరు చెప్తే చెడిపోయిన లారీలు సిగ్గుపడి సర్దుకునేవి. తొప్పూరు కనమ ఎక్కలేక ప్రాణం విడిచిన లారీని ఒక కోడిగుడ్డుతో, మూర కొబ్బరితాడుతో, రెండు బూతులతో లేపి కొండ ఎక్కించినవాడు. బానెట్టు మీద చెవి ఆనించినాడంటే ఇంజను తన జాతకమంతా చెప్పుకొని ఏడ్చేది.

అంతటి రంగరాజు జన్మలో లేపలేకపోయిన ఇంజను ఒకటే. అది ఈ కొట్టంలో ఉంది.

అప్పుడతను మెకానిక్కు కాదు. సీనప్ప ఇంట్లో కారు డ్రైవరు. యాభై రెండులో, ఆయుధపూజ నాటి రాత్రి, పురిటికి పుట్టింటికొచ్చిన సౌభాగ్యానికి నెల నిండకముందే నొప్పులు మొదలైనాయి. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని చేతులెత్తేసింది — "నా వల్ల కాదు, ధర్మపురి ఆసుపత్రికి ఎత్తుకొని పోండి." సౌభాగ్యాన్ని వెనకసీట్లో పండబెట్టినారు. రంగరాజు హ్యాండిలు దూర్చినాడు.

తిప్పినాడు.

లేవలేదు.

ఆ పొద్దు ఉదయం దాకా గుర్రం మాదిరి పరుగెత్తిన బండి. మళ్ళీ తిప్పినాడు. మళ్ళీ. జీతగాడు కాళియన్ వచ్చి, "బండి కట్టేదా అన్నా?" అని అడిగినాడు. రంగరాజు తల కూడా ఎత్తలేదు.

"ఇంత కారు పెట్టుకొని ఎద్దులబండా? ఇంకొక్క సుట్టు... లేస్తాది చూడు."

ఇంకొక్క సుట్టు. ఇంకొక్క సుట్టు... అరచేతుల తోలు ఊడి హ్యాండిలుకు అంటుకుంది. మొదటి కోడి కూసేటప్పటికి కాళియన్ ఎవరినీ అడగకుండానే ఎద్దుల్ని పూన్చినాడు. అప్పటికి వెనకసీట్లో మూలుగు ఆగి చాలాసేపైంది. ఇరవై నిండని బిడ్డ. కడుపులో ఇంకో బిడ్డ.

కర్మంతరం అయిన మర్నాడే రంగరాజు ఊరు విడిచిపోయినాడు. ఎవరూ పొమ్మనలేదు. ఎవరూ ఏమీ అనలేదు. అదే తట్టుకోలేకపోయినాడు.

ఎందుకు లేవలేదు?

ఆ ఒక్కమాట కోసం సేలం పోయి పని నేర్చుకున్నాడు. వెయ్యి ఇంజన్లు విప్పినాడు — వెయ్యి అంటే తక్కువ చెప్పినట్లు. విప్పిన ప్రతిదాంట్లో ఆ రాత్రికి జవాబు వెతుక్కున్నాడు. దొరకలేదు. జవాబు ఆ కొట్టంలోనే ఉంది. అక్కడికి పోయే ధైర్యమే పంతొమ్మిదేళ్ళు దొరకలేదు.

ఇప్పుడెందుకు వచ్చినాడంటే — సీనప్ప తమ్ముడి కొడుకు చిన్నసామి ఆ కారును పాత ఇనుము వాళ్ళకు ఇచ్చేసినాడని తెలిసింది. శుక్రవారం పొద్దున సుత్తులతో వస్తారు. ముక్కలైపోతే... ఎందుకు లేవలేదో ఇక ఏ జన్మకూ తెలియదు.

గురువారం మధ్యాహ్నం చిన్నసామి కొట్టం తాళం తీసి, గడప ఇవతలే నిలబడినాడు.

"రంగన్నా, సేలంలో మనిషివి బాగుండావు. ఈ పేయితో నీకెందుకు పంతం?"

"ఒక్క రాత్రి ఇయ్యి చిన్నసామీ. లేచిందా, సరి. లేదా, పొద్దున మొదటి సుత్తిదెబ్బ నేనే వేస్తా."

"లేస్తే తోలేది ఎవురు? మా పెదనాయనా?"

"లైసెన్సు ఉంటే తోల్నీ."

చిన్నసామి నవ్వబోయి, కొట్టంలోకి తొంగి చూసి, నవ్వును మింగేసినాడు.

"పెద్దమ్మ ఎట్లుండాది?" రంగరాజు వేరేదిక్కు చూస్తా అడిగినాడు. సౌభాగ్యం తల్లి వెంకటలక్ష్మమ్మ సంగతి.

"ఉండాది. ఎవురితోనూ మాట్లాడదు. పగలంతా నిద్రే."

రంగరాజు లోపలికి పోయినాడు. గోడ చీలకు హ్యాండిలు వేలాడుతా ఉంది. చెయ్యి వేసినాడు... వెంటనే తీసేసినాడు. తుప్పు లేదు! చెయ్యి పట్టేచోట నిగనిగలాడుతా ఉంది.

సరే, చూద్దాం అనుకున్నాడు. పంతొమ్మిదేళ్ళు కదలని ఇంజనంటే రాయితో సమానం. లోపల పిస్టన్లు తుప్పుపట్టి గోడలకు అతుక్కుపోయి ఉంటాయి. కిరసనాయిలు పోసి మూడురోజులు నానబెట్టి, తట్టి తట్టి గోరంత కదిలిస్తే అదే గొప్ప. అందుకని రంగరాజు ఏనుగును కట్టేసే గొలుసు, ఆరడుగుల ఇనుపకడ్డీ తెచ్చుకున్నాడు. అవి వాడేముందు ఊరికే ఒకసారి హ్యాండిలు దూర్చి, బంపరుకు కాలు దన్ను పెట్టి, తొప్పూరు కనమను లాగేటంత బలం కూడగట్టి తిప్పినాడు —

పెరుగులో కవ్వం తిరిగినట్లు తిరిగింది.

అంత బలం ఎక్కడ పెట్టాలో తెలియక రంగరాజు వెల్లకిలా పడినాడు.

లేచి చూస్తే చిన్నసామి లేడు. వాకిట్లో అతని చెప్పులు మాత్రం ఉన్నాయి.

రంగరాజు బానెట్టు ఎత్తినాడు. అప్పటి ఇంజన్లకు తలమీద వరసగా నాలుగు బుల్లి ఇత్తడి గిన్నెలుంటాయి, చలికాలం పొద్దున పెట్రోలు చుక్కలు వేసేదానికి. ఒకదాంట్లో వేలు పెట్టినాడు. తడి. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

ఆముదం.

మురిగిన వాసన లేదు. నిన్నో మొన్నో పోసినట్లు ఉంది.

ఎవరైనా అయితే ఆ సంచి అక్కడే పారేసి బొమ్మిడి దాకా పరుగెత్తుతారు. రంగరాజుకూ కాళ్ళు ఆ పక్కకే లాగినాయి. కానీ శుక్రవారం ఎంతో దూరం లేదు. మొండిగా పనిలోకి దిగినాడు.

అతనిది ఒక వరస. ముందు నీళ్ళు, తర్వాత నూనె, ఆ తర్వాత పెట్రోలు, నిప్పు చివర. "పొయ్యి ముందు వెలిగించి తర్వాత బియ్యం వెతుక్కునేవాడు వంటవాడా?" అని శిష్యుల్ని తిట్టేవాడు. ఆ వరసలోనే నీళ్ళతొట్టి కడిగినాడు. ట్యాంకు తుప్పు గొలుసు వేసి ఊపి రాల్చినాడు. గొట్టాల్లో కందిరీగలు కట్టిన మట్టిగూళ్ళు ఊది తీసినాడు. పగిలిన టైర్లలో గడ్డి, గోనెపట్టలు కూరి కుట్టినాడు. పదిమంది పది రోజులు చేసే పని, చీకటి పడేలోపల ఒక్కడే చేసినాడు. మధ్యలో తినింది నాలుగు రాగిముద్దలు మాత్రమే.

ఇక మిగిలింది నిప్పు. మాగ్నెటో — నిప్పు పుట్టించే యంత్రం.

కారు కింద ఒక మర వదులుగా ఉందని, లాంతరు పక్కన పెట్టుకొని లోపలికి జరిగినాడు. బిగించినాడు. ఒక్క నిమిషం కళ్ళు మూసుకుందాం అనుకున్నాడు...

కళ్ళు తెరిచేటప్పటికి లాంతరు ఆరిపోయి ఉంది.

చీకటి. బయట తోపులో కీచురాళ్ళు కూడా అరవడం లేదు. కొట్టం వెనకపక్క చిన్నతలుపు ఒకటుంది, గడ్డివాములోకి పోయేది. ఆ తలుపు... మెల్లగా... కిర్రుమంది.



అడుగుల చప్పుడు లేదు. నేలమీద ఏదో ఈడ్చినట్లు... జర్... జర్... కారు పక్కగా ముందుకు పోయింది. తలమీద బానెట్టు రేకు కదిలింది. కాసేపటికి, టప్పుమని నుదుటి మీద చల్లగా చుక్క పడింది.

ఆముదం వాసన.

అప్పుడు —

కర్ర్... కర్ర్... టక్.

తలకు జానెడు ఎత్తున ఇంజను కడుపులో బరువైన ఇనుము తిరిగి ఆగింది. రంగరాజు ఒంట్లో ఎముకలన్నీ దాంతోపాటు ఒక సుట్టు తిరిగినాయి. ఆరడుగుల మనిషి, దున్నపోతు కొమ్ములు పట్టి ఆపినవాడు, నోరు తెరిస్తే గొంతులోంచి పిల్లిపిల్ల శబ్దం కూడా రాలేదు.

కర్ర్... కర్ర్... టక్.

పగిలిన పెంకులోంచి వెన్నెల ఒక పట్టె కారు ముందర పడతా ఉంది. ఆ పట్టెలో రెండు పాదాలు.

పేయికి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు. రంగరాజు చూడకూడదనుకున్నాడు. చూసినాడు. వేళ్ళు ఇటే ఉన్నాయి. పగిలిన మడమలు అటే ఉన్నాయి. కాలి రెండోవేలి చుట్టూ తెల్లటి గీత. యాభై ఏళ్ళు మెట్టె ఉండి, తీసేసిన చోటు.

మూడో సుట్టు సగంలో రంగరాజు గొంతు పెగిలింది.

"ఎ... ఎవురు?"

పాదాలు ఆగినాయి. హ్యాండిలు ఆగింది.

తర్వాత, గుసగుసగా —

"రంగా... నువ్వేనా?"

"అమ్మా!"

"ఇంకెవురు పండుకుంటారురా దీని కింద." వెంకటలక్ష్మమ్మ ఆ మిగిలిన సగం సుట్టు తిప్పి ముగించి, గోడకు ఆనుకొని కూలబడింది. "ఉండు. ఊపిరి ఆడనీ."

రంగరాజు బయటికి పాకి, తడుముకుంటా లాంతరులో నూనె పోసి వెలిగించినాడు. డెబ్భై ఏళ్ళ ముసలమ్మ. ఎండిన చింతబెరడు మాదిరి చేతులు. పక్కన ఆముదం సీసా.

"పంతొమ్మిదేళ్ళుగా... నువ్వేనామ్మా?"

"నువ్వే చెప్తివి కదరా ఎప్పుడో. ఇంజనుకు నూనె లేకుండా నిద్రపోనిస్తే బిగుసుకుపోతాదని. బిగుసుకోనీకుండా చూసినా."

"అయ్యకు తెలుసా?"

"సీసా ఖాళీ అయితే మర్నాటికి నిండి ఉండేది. ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. ఆయన పోయినాక నేనే నింపుకుంటా ఉండా."

"ఊరంతా పేయి అని హడలిపోతా ఉండారే!"

"పోనీలేరా. భయముంటే ఎవురూ ఇట్లా రారు. తాళం కంటే గట్టిది."

రంగరాజు నవ్వబోయినాడు. ఆమె నవ్వలేదు. చేతిలో హ్యాండిలును ఒళ్ళో పెట్టుకొని, నిద్రపోయే బిడ్డను నిమిరినట్లు నిమిరింది.

"ఆ పొద్దు ఇది పూజలో ఉండిందిరా. కత్తులు, కొడవళ్ళు, నీ పనిముట్లు, ఇదీ — అన్నీ దేవుడింట్లో పెట్టి పూజ చేసినాం. తెల్లారి మళ్ళీ పూజ చేసి ఎత్తేదాకా ఏ ఆయుధాన్నీ కదపకూడదు కదా. బిడ్డ అరస్తా ఉండాది. నువ్వు వాకిట్లో నిలబడి 'అమ్మా, హ్యాండిలు! అమ్మా, హ్యాండిలు!' అంటా ఉండావు. నేను ఇయ్యలేదు. ఇస్తే ఆ తల్లికి కోపమొస్తాదని... టెంకాయ వెతికినా. కర్పూరం వెతికినా. వెలిగించి, మొక్కి, అప్పుడిచ్చినా."

"అమ్మా, అది ఎంతసేపు..."

"ఎంతసేపైతే ఏమి. ఆలస్యం చేసినందుకు పోయిందో, పూజ ఎత్తకుండా ఇచ్చినందుకు ఆ తల్లి తీసుకుపోయిందో... రెండిట్లో ఏదైనా చేసింది నేనే." ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు. "అందుకే ప్రతి రాత్రీ వచ్చి, అడగకముందే తిప్పుతా. బిడ్డకు నేను చేసేది ఇంకేముంది?"

అలవాటు కొద్దీ రంగరాజు చేతులు పనిలోకి పోయినాయి. మిగిలిన పని ఒకటే. ఆమె లేచి లాంతరు ఎత్తి పట్టుకుంది. మాగ్నెటో పక్కన ఇత్తడి మూత. పట్టీ తప్పించి మూత తీసినాడు.

లోపల రెండు సన్నటి మొనలుంటాయి. అవి ఒకదాన్నొకటి తాకి, విడిపోయే రెప్పపాటులో నిప్పు పుడుతుంది. ఆ రెండు మొనల మధ్య —

ఎర్రగా.

రక్తమే అనుకున్నాడు. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మూత వేసిన చోట, పంతొమ్మిదేళ్ళుగా ఎవరూ తెరవని చోట, రక్తం ఎట్లా...

లాంతరు దగ్గరికి వచ్చింది.

రక్తం కాదు. గుండ్రంగా, ఎండి బీటలువారిన గంధం. నడుమ కుంకుమ. గంధంలో ఒక వేలిముద్ర, గీతలతో సహా. ఆ గీతల్ని అడ్డంగా కోస్తా ఒక మచ్చ.

రంగరాజు తన ఉంగరపువేలు లాంతరు వెలుగులోకి తెచ్చి చూసుకున్నాడు. చిన్నప్పుడు చెరుకు కోస్తా కొడవలి తెగిన మచ్చ.

అప్పుడు గుర్తొచ్చింది. ఒక్కసారిగా, ఆ మధ్యాహ్నం ఎండతో సహా గుర్తొచ్చింది. ఈ తాలూకాలో ఏ బండికీ జరగనంత పూజ ఈ కారుకు జరగాలనుకున్నాడు. చక్రాలకు బొట్టు, దీపాలకు బొట్టు, బానెట్టు ఎత్తి మర మరకూ బొట్టు. అన్నిటికీ పెట్టి, నిప్పు పుట్టే చోటుకు పెట్టకుంటే ఎట్లా? మూత విప్పి, తడిగంధం వేలితో అద్ది, కుంకుమ పెట్టి మూసేసినాడు. సీనప్పతో అన్నాడు కూడా — "అయ్యా, దేవుడి కంటికి కూడా కనపడని చోట పెట్టినా!" సీనప్ప భుజం తట్టినాడు. రంగరాజు ఛాతీ విరుచుకున్నాడు.

సాయంత్రానికి మరచిపోయినాడు.

తడిగంధం. ఆ రెండు మొనల నడుమ. హ్యాండిలు వెయ్యిసార్లు తిప్పినా... నిప్పు ఎట్లా పుడుతుంది?

"ఏందిరా అది, ఎర్రగా?" వెనకనుంచి గుసగుస.

రంగరాజు చేతిలో పాతగుడ్డ ఉంది. ఒక్క తుడుపు. ముసలమ్మ కళ్ళకు ఏమీ అంతుపట్టదు. తుప్పు అమ్మా అంటే సరిపోతుంది. ఇంజను లేస్తుంది. రంగరాజు లేపినాడు, పంతొమ్మిదేళ్ళ పేయిని ఓడించినాడు అని జిల్లా అంతా చెప్పుకుంటారు... గుడ్డ మొనల దగ్గరికి పోయింది.

"నేను అప్పుడే ఇచ్చింటే..." ఆమె తనలో తాను అనుకుంటా ఉంది. "టెంకాయ వెతక్కుండా అప్పుడే ఇచ్చింటే..."

గుడ్డ ఆగిపోయింది. రంగరాజు పక్కకు జరిగినాడు.

"దగ్గరికి రామ్మా. చూడు."

"ఏందది?"

"బొట్టు. నేను పెట్టిన బొట్టు. ఆ మధ్యాహ్నం." మాట మాటకూ ఆగినాడు. "ఇక్కడ నిప్పు పుట్టాల. ఇది ఉంటే పుట్టదు. నువ్వు అడగకముందే హ్యాండిలు ఇచ్చిండినా ఈ బండి లేచేది కాదు. పూజ ఎత్తి ఇచ్చిండినా లేచేది కాదు. నీ ఆలస్యం కాదమ్మా. ఏ తల్లి కోపమూ కాదు. కాళియన్ బండి కడతానంటే వద్దన్నదీ నేనే. బిడ్డను చంపింది... నేను."



ఆమె ఏడవలేదు. తిట్టలేదు. ఆ బొట్టును వంగి వంగి చూసింది, బావిలోకి తొంగిచూసినట్లు.

"ఈ మూత తీసి చూడొచ్చు కదరా, ఆ పొద్దు?"

"అప్పుడు నాకు పని తెలియదమ్మా. తిప్పడం ఒకటే తెలుసు."

"నాకూ అంతే" అనింది వెంకటలక్ష్మమ్మ.

లాంతరు కింద పెట్టింది. తెల్లచీర కొంగు వేలికి చుట్టుకొని, ఉమ్మితో తడుపుకొని, బిడ్డ ముఖం మీద మరక తుడిచినట్లు మెల్లగా ఆ బొట్టును తుడిచింది. కొంగుకు ఎర్రగా అంటింది. ఇంకా తుడిచింది. మొనలు మెరిసేదాకా.

తర్వాత హ్యాండిలు ఎత్తుకొచ్చి రెండు చేతులతో అతని చేతుల్లో పెట్టింది. కర్పూరం వెలిగించలేదు. టెంకాయ కొట్టలేదు.

"ఇందా."

రంగరాజు మూత వేసినాడు. గిన్నెల్లో పెట్రోలు చుక్కలు వేసినాడు. హ్యాండిలు దూర్చి ఒక్క సుట్టు —

ఒక్కటే సుట్టు.

కొట్టం దద్దరిల్లింది. పెంకుల్లోంచి పంతొమ్మిదేళ్ళ దుమ్ము వానలా కురిసింది. ఆముదం కాలిన తెల్లటి పొగ కొట్టమంతా నిండి, తలుపుల్లోంచి తోపులోకి పారింది. ఆ మోతకు తోపులో గబ్బిలాలు లేచి వెన్నెలను కప్పేసినాయి. అర క్రోసు దూరంలో ఇంట్లో పడుకున్న చిన్నసామి దేవుడింట్లోకి దూరి లోపల గడియ పెట్టుకున్నాడు.

రంగరాజు నవ్వలేదు. బానెట్టు మీద చెయ్యి వేసుకొని, ఆ వణుకును అరచేత్తో పట్టుకొని నిలబడినాడు. ఇంత సులభం. ఒక్క సుట్టు.

వెనకాల కారు తలుపు తెరుచుకున్న చప్పుడు.

వెంకటలక్ష్మమ్మ వెనకసీట్లోకి ఎక్కింది. మధ్యలో కూర్చోలేదు. ఒక మూలకు ఒదిగి, మిగతా సీటంతా వదిలిపెట్టి, చేతులు ఒళ్ళో గిన్నె మాదిరి పట్టుకొని కూర్చుంది — అక్కడ ఎవరి తలో ఉన్నట్లు.

"పోనీరా" అనింది.

"ఎక్కడికమ్మా?"

ఆమె ముందరి దావనే చూస్తా ఉంది. చెప్పే పని లేదు.

దీపాలు వెలగవు. లాంతరును బానెట్టుకు కట్టినాడు. గడ్డి కూరిన చక్రాలు గడప దాటి రోడ్డెక్కినాయి. కారు ధర్మపురి పక్కకు తిరిగింది. రంగరాజు జన్మలో ఎన్నో బండ్లు తోలినాడు, గాలితో పందేలు వేసినాడు. ఆ రాత్రి మాత్రం, గతుకు వచ్చిన ప్రతిచోటా, నిండుచూలాలిని తీసుకుపోతున్నట్లు నెమ్మదిచేసి దాటించినాడు. వెనకనుంచి అప్పుడప్పుడు ఒక గుసగుస. అతనితో కాదు.

"ఇదో... వచ్చేసినాం తల్లీ. ఓర్చుకో. ఇదో..."

రంగరాజు వెనక్కి తిరిగి చూడలేదు. అద్దంలోనూ చూడలేదు. సీటు ఆ కొసన నిజంగా ఎవరూ లేరా అని అడిగినవాళ్ళు చాలామంది. అతను ఎవరికీ చెప్పలేదు.

రెండు రాళ్ళగుట్టలు దాటినారు. ఒక రైలు పట్టా దాటినారు. నిద్రపోయే అంగళ్ళు, ఆరిపోయిన టీ పొయ్యి దాటినారు. ఆసుపత్రి గేటు ముందర కారు నిలబడింది. లోపల వరండాలో ఒక దీపం. గేటు తెరిచే ఉంది.

"ఆగినావెందుకురా?" వెనకనుంచి.

"వచ్చేసినామమ్మా. ఆసుపత్రి."

ఇంజను కొట్టుకుంటా ఉంది. రంగరాజు ఆపలేదు. ఆపేదానికి చెయ్యి రాలేదు.

వెంకటలక్ష్మమ్మ గేటు పక్క చూసింది. వచ్చిన దావ పక్క చూసింది. ఇంకా తెల్లారనే లేదు. ఒళ్ళో చేతులు అట్లే గిన్నె మాదిరి ఉన్నాయి.

"ఇంతేనా రంగా," అనింది, "దూరం?"